ఇనుము అంచున భాస్వరం

మా ఇంట్లో భాస్వరం గురించి దగ్గరి చుట్టం గురించి మాట్లాడుకున్నట్టే మాట్లాడుకునేవాళ్ళం. నాన్న ఉక్కు ఫ్యాక్టరీలో, కరిగిన ఇనుముని ఉక్కుగా మార్చే కన్వర్టర్ షాపులో పనిచేసినన్నాళ్ళూ డ్యూటీ దిగి వచ్చి, ఇంకా బూట్లు విప్పకుండానే, "ఇవాళ ఫాస్ఫరస్ నా మాట వినలేదు" అనేవాడు. లేకపోతే "ఇవాళ బుద్ధిగా ఉంది" అనేవాడు. రెండింట్లో ఏ మాట అన్నాడో చూసుకుని, అమ్మ కాఫీ గ్లాసు చేతికివ్వాలో, బల్ల మీద పెట్టి వంటింట్లోకి తప్పుకోవాలో తేల్చుకునేది. ఉక్కులో భాస్వరం ఎక్కువగా మిగిలిపోతే చలికి పెళుసెక్కి విరుగుతుందని, దాన్ని తీసెయ్యడమే నాన్న పనిలో పెద్ద తలనొప్పి అని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. చిన్నప్పుడు మాత్రం ఫాస్ఫరస్ అంటే నాన్నని కాల్చుకు తినే పై ఆఫీసరు ఎవడో అనుకునేదాన్ని.

పెద్దయ్యాక నేనూ దాని వెంటే పడ్డాను. ఉల్కల్లో ఫాస్ఫేట్ ఖనిజాలు ఎలా పుట్టాయన్నది నేను చూసే పని. పొట్టకూటికి డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. క్లాసులు లేని రోజున కొండ మీది యూనివర్సిటీ ల్యాబ్‌కి వెళ్ళి మైక్రోస్కోప్ ముందు కూర్చుంటాను. ఏం చేస్తుంటావని ఎవరైనా అడిగితే "ఆకాశం నుంచి పడ్డ రాళ్ళు చూస్తుంటాను" అంటాను. వెంటనే చెయ్యి చాపి "మా అబ్బాయికి ఉద్యోగం ఎప్పుడొస్తుందో చెప్పమ్మా" అన్నవాళ్ళు కూడా ఉన్నారు. నాకు ఓపిక తక్కువ. అలాంటివాళ్ళకి ఫాస్ఫేట్ గురించి దంచి వదిలిపెట్టేదాన్ని.

అమ్మ పోయిన తర్వాత నాన్న కిడ్నీలు పాడయ్యాయి. అప్పుడు భాస్వరం మళ్ళీ మా ఇంటికొచ్చింది, ఈసారి నాన్న రక్తంలోకి.

కిడ్నీలు పనిచెయ్యనివాళ్ళకి తిండిలో వచ్చే భాస్వరం బయటికి పోయే దారి మూసుకుపోతుంది. డయాలసిస్ మెషీన్ కొంత లాగుతుంది కానీ అంతా లాగలేదు. పాలు, పప్పు, చేపలు, గుడ్లు, జన్మంతా బలమని పిల్లల వెంటపడి తినిపించేవన్నీ దాంతో నిండినవే. మిగిలిపోయింది రక్తంలో తిరుగుతూ ఎముకల్ని గుల్ల చేస్తుంది, ఒళ్ళంతా దురద పుట్టిస్తుంది, గట్టిపడకూడని చోట గట్టిపడుతుంది. నాన్న గుమ్మానికి వీపు ఆనించి అటూ ఇటూ రుద్దుకుంటూ ఉండేవాడు. నేను అటు వస్తే ఏదో కారు హారన్ విని బయటికి చూస్తున్నట్టు నటించేవాడు. నేనూ ఏమీ చూడనట్టు గదిలోకి వెళ్ళిపోయేదాన్ని.

డాక్టరు నన్ను ఒక్కదాన్నే లోపలికి పిలిచి విషయం సూటిగా చెప్పాడు. రక్తంలో భాస్వరం తగ్గాలి. తగ్గకపోతే ముందు రక్తనాళాలు, తర్వాత గుండె దెబ్బతింటాయి. ఆ రోజు నుంచి ఆ ఒక్క అంకె దిగడం తప్ప నాకు ఇంకో కోరిక లేదు. దేవుడికి మొక్కే అలవాటు లేదు కానీ, రిపోర్టు కవరు చించేటప్పుడు మాత్రం పెదవులు కదిలేవి.

డయాలసిస్ సెంటర్లో పొద్దుటి షిఫ్టు నాన్నది. పక్క మంచం మీద అచ్యుతాపురంలో ఏదో కంపెనీలో పనిచేసే కుర్రాడు ఉండేవాడు. ముప్పై దాటి ఉండవు. నెలవారీ రిపోర్టులొచ్చిన రోజున ఆ గదంతా పరీక్ష ఫలితాలొచ్చిన క్లాసురూములా ఉండేది.

"బాబాయ్, నీ పాస్పరస్ ఎంతొచ్చిందేటి?" అని ఆ కుర్రాడు మంచం మీంచే కేకేసేవాడు.

"నీకెంతొచ్చిందో ముందు చెప్పు."

"నాను పాసైపోనాను బాబాయ్!"

నాన్న ప్రతిసారీ తప్పేవాడు. జీవితమంతా అదే భాస్వరాన్ని అదుపులో పెట్టిన మనిషి, ఆ వరసలో అందరికంటే ఎక్కువ తనకే వచ్చిందని వినాల్సి వచ్చేది. కాగితం మడిచి తలగడ కింద పెట్టేసి కళ్ళు మూసుకునేవాడు. నాకు ఆ అంకె మీద కోపం, నాన్న మీద జాలి, ఎవరి మీద చూపించాలో తెలియని చిరాకు అన్నీ ఒకేసారి వచ్చేవి.

అంతకుముందు, ఒంట్లో కాస్త ఓపిక ఉన్నప్పుడు, ఒకసారి నాన్నని ల్యాబ్‌కి తీసుకెళ్ళాను. గాజువాక నుంచి పోర్టు పక్కగా వెళ్తుంటే క్యాబ్ అద్దం మీద పడ్డ దుమ్ముని చూపించి, "ఎర్రది ఇనుప ఖనిజం, నల్లది బొగ్గు. ఇదిగో ఈ మట్టి రంగుది ఉంది చూశావూ, ఎరువుల కోసం ఓడల్లో దిగే ఫాస్ఫేట్ రాయి. నీ చుట్టమే" అన్నాడు. దుమ్ములో రంగులు అంత తేలిగ్గా విడదీసి చెప్పలేమని నేనన్నాను. "నువ్వు చెప్పలేవేమో" అన్నాడు. దారంతా ఇదే వాదన.

ల్యాబ్‌లో ఉల్క ముక్క చూపించాను. గాజు పలక మీద అతికించిన, వెలుతురు దూరేంత పల్చని పొర అది. కింద నుంచి దీపం వేస్తే రాతి ఖనిజాలన్నీ రంగులు తేలతాయి, ఇనుము మాత్రం నల్లగా ఉండిపోతుంది. నాన్న కళ్ళజోడు నుదుటి మీదికి తోసి కంటిని గొట్టానికి ఆనించాడు. ఏది ఏమిటో నేను చెబుతూ వచ్చాను.

సూర్యుడు పుడుతున్న కాలంలో చుట్టూ వేడి వాయువు తిరుగుతుండేది. అది చల్లారి దుమ్ముగా మారేటప్పుడు భాస్వరం ఎక్కువగా ఇనుములో చేరింది. దానికి ఇనుమన్నా నికెలన్నా అంత ఇష్టం. ఆ దుమ్మూ, కరిగి మళ్ళీ గడ్డకట్టిన బొట్లూ పేరుకుని చిన్న చిన్న గ్రహశకలాలయ్యాయి. వాటిలో రేడియోధార్మికతతో త్వరగా క్షీణించిపోయే ఒక రకం అల్యూమినియం ఉండేది, అది క్షీణిస్తూ లోపల వేడి పుట్టించింది. రాయి కరిగిపోయేంత వేడి కాదు, కుంపటి మీద గిన్నె పెట్టి మరిచిపోయినప్పటి వేడి. ఆ వేడికి ఇనుములోని భాస్వరం మెల్లగా అంచుకి జరిగింది. అక్కడ ఆక్సిజన్ దొరికింది. పక్కనున్న రాతి ఖనిజాల్లోంచి కాల్షియం వచ్చింది. ఇవన్నీ కలిసి ఫాస్ఫేట్ గింజలు కట్టాయి. వీటిలో నీటి ఊసు లేకుండా పుట్టినదాన్ని మెరిలైట్ అంటాం. తర్వాతెప్పుడో క్లోరిన్ ఉన్న ద్రవమో ఆవిరో సోకిన చోట్ల ఎపటైట్ పుట్టింది. అందుకే నేను ఫాస్ఫేట్ కోసం వెతికేటప్పుడు ముందు నల్లటి ఇనుమును పట్టుకుని, దాని అంచుల వెంట నడుస్తాను.

"దొరికింది," అన్నాడు నాన్న. "నల్లదాని పక్కనే బూడిద రంగులో, ముక్కలు ముక్కలుగా. ఇదేనా?"

అదే. మా స్టూడెంట్లకి అది కనిపించాలంటే ఒక పూట పట్టేది.

నాన్న తలెత్తి నన్ను చూశాడు. మొహం వెలిగిపోతోంది. "అంటే ఏంటే, ఇది మా కన్వర్టరే కదా! కరిగిన ఇనుములోకి ఆక్సిజన్ ఊదుతాం, ఫాస్ఫరస్ మండి బయటికొస్తుంది, మేం వేసిన సున్నం దాన్ని పట్టుకుని పైన తేలే తెట్టులోకి, అదే స్లాగ్‌లోకి లాగేస్తుంది. కాల్షియం, ఫాస్ఫరస్, ఆక్సిజన్. అంతా అదే సరుకు. మేం అరగంటలో తేల్చేదాన్ని మీ ఆకాశం లక్షల ఏళ్ళు వండిందంటే, ఆ షిఫ్టు ఇన్‌ఛార్జి ఎవడో నిద్రపోయాడన్నమాట."

"మీరు స్లాగ్ తీసేస్తారుగా నాన్నా. ఇక్కడ తీసేవాళ్ళెవరూ లేరు."

"అదే నేననేది. ఇది స్లాగ్ తీయకుండా వదిలేసిన హీటు." కన్వర్టర్‌లో ఒక్క విడతగా వండే ఉక్కుని వాళ్ళు హీటు అంటారు.

ఉల్క గురించి అంత బాగా ఎవరూ చెప్పలేదనిపించింది. ఆ మాట తర్వాత క్లాసులో ఎన్నోసార్లు వాడుకున్నాను, మా నాన్న మాట అని చెప్పే వాడుకున్నాను. తిరిగొస్తుంటే నాన్న ఆగకుండా మాట్లాడాడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ చేరిన కొత్తలో తనకి పని నేర్పినాయన గురించి చెప్పాడు. ఆ తర్వాత తను ఎందరికో నేర్పినదాని గురించి చెప్పాడు. "కొత్తగా వచ్చినవాడికి నేను మొదట చెప్పేది ఒక్కటే. సున్నం ముందే పడాలి. ఊదడం మొదలెట్టగానే సున్నం వెయ్యాలి, తొందరగా కరిగించాలి. అంతా వేడెక్కిపోయాక తీరిగ్గా వేస్తే, స్లాగ్‌లోకి వెళ్ళిన ఫాస్ఫరస్ కూడా తిరిగి మెటల్‌లోకొచ్చి కూర్చుంటుంది."

డయాలసిస్ మొదలయ్యాక డాక్టరు మాత్రలు రాశాడు. కాల్షియం మాత్రలు. తిండిలోని భాస్వరాన్ని ఇవి కడుపులోనే పట్టుకుని బయటికి తీసుకుపోతాయి, భోజనంతో పాటు వేసుకోండి అని చెప్పాడు. నాన్న కుర్చీలో ముందుకి వంగాడు.

"ఇది మా సున్నమే కదండీ! ఉక్కులోంచి ఫాస్ఫరస్ తీసే సున్నం."

డాక్టరు నవ్వాడు. "అంతేనండీ. మీకు నేను చెప్పాలా?"

నాన్నకి ఆ జబ్బు మీద మొదటిసారి ఒక పట్టు దొరికినట్టయింది. తిరుగు దారిలో ఆటో అతనికి కూడా కన్వర్టర్ సంగతంతా చెప్పాడు. నాకు నవ్వొచ్చింది, సంతోషమూ వేసింది. నాకు తెలిసిన నాన్న తిరిగొచ్చాడనిపించింది. డయాలసిస్ లేని రోజుల్లో నేను పొద్దున్నే కాలేజీకి వెళ్ళిపోతాను, సాయంత్రం గానీ రాను. మాత్రల డబ్బా చూస్తే ఏ రోజువి ఆ రోజు అయిపోయి ఉండేవి. క్రమం తప్పేవాడు కాదు. డ్యూటీకి ఒక్క రోజు ఆలస్యంగా వెళ్ళని మనిషి, మాత్రల దగ్గర ఎందుకు తప్పుతాడు?

కానీ అంకె దిగలేదు. నెల తిరిగి నెల వచ్చినా దిగలేదు. పైగా రక్తంలో కాల్షియం పెరుగుతూ వచ్చింది. "బయట మందులేమైనా వాడుతున్నారా? తిండి దగ్గర జాగ్రత్తగానే ఉంటున్నారా?" అని డాక్టరు అడిగాడు. నాన్న ఉంటున్నానన్నాడు. డాక్టరు నా వైపు చూశాడు. ఆ చూపు పట్టుకుని నేను ఇంటికొచ్చాను.

ఇక దొంగని పట్టే పని మొదలుపెట్టాను. ఫ్రిజ్‌లో పాలు పెట్టడం మానేశాను. కందిపప్పు డబ్బా అటక మీదికి ఎక్కించాను. సాయంత్రం రాగానే వంటింట్లో వాసన చూసేదాన్ని. చెత్తబుట్టలో ముల్లు ఏదైనా కనిపిస్తుందేమోనని కర్రతో కదిపి చూశాను. నాన్న అంతా గమనిస్తూనే ఉన్నాడు. ఒకరోజు అన్నం తింటూ తింటూ ఆగి అడిగాడు.

"ఏం వెతుకుతున్నావే?"

"నువ్వేం తింటున్నావో వెతుకుతున్నాను."

"నువ్వు పెట్టిందే తింటున్నాను."

"అదే తింటే అంకె ఎందుకు దిగట్లేదు నాన్నా? నా కళ్ళుగప్పి ఏదో తింటున్నావు. నీ కోసం నేను చస్తుంటే నువ్వు నాలుక కోసం చస్తున్నావు."

నాన్న కంచం పక్కకి నెట్టాడు. "సర్వీసంతా ఒక్క శాంపిల్ తప్పు చెప్పలేదు నేను. ఇప్పుడు నీ దగ్గర దొంగతిండి తినే గతి పట్టిందా నాకు?" అని ఒంటికాలి మీద లేచాడు. గొంతు పెద్దది, కన్వర్టర్ మోతలో అరిచి అరిచి పెరిగిన గొంతు. నేనూ తగ్గలేదు. పై అంతస్తువాళ్ళు కిటికీ మూసిన చప్పుడు వినపడింది. తర్వాత కొన్నాళ్ళు మా ఇద్దరి మధ్యా టీవీ తప్ప ఎవరూ మాట్లాడలేదు.

కూర్మన్నపాలెం జంక్షన్ దగ్గర బజార్లో ఒకామె చేపలమ్ముతుంది. తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌లో వేలం పాడుకుని, ఆటోలో బుట్టలు వేసుకుని వస్తుంది. అమ్మ ఉన్నప్పుడు మాకు వాడికగా ఇచ్చేది ఆమే. ఒకరోజు నాకు కాలేజీకి ఆలస్యమై బస్సులో వెళ్తుంటే కిటికీలోంచి కనిపించింది. ఆమె గొడుగు కింద, బుట్ట పక్కన, ముక్కాలిపీట మీద మా నాన్న.

నాకు పట్టలేనంత కోపం వచ్చింది. దొరికాడు అనుకున్నాను. తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచాను. నేను చేరేసరికి నాన్న లేడు. ఆమె చేపల మీద నీళ్ళు చల్లుతోంది.

"మా నాన్నకి ఏం ఇస్తున్నావు నువ్వు?" అన్నాను, పలకరింపు కూడా లేకుండా. "ఆయన చేపలు తినకూడదని తెలీదా నీకు?"

"అదేటమ్మా అలగంటావ్!" ఆమె చెంబు కింద పెట్టింది. "నానేటిత్తాను? మీ అమ్మ పోయిన కాడ్నుంచి నీ బాబు నా కాడ ఒక్క సేప కొన్నేదు. ఊరికే ఒచ్చి కూకుంటాడు, కూసింతసేపు కబుర్లాడి ఎల్పోతాడు."

"పొద్దున్నే ఇక్కడేం కబుర్లు?"

"ఏటి కబుర్లుంటాయమ్మా? మీ అమ్మ కబుర్లే. కానాగంతల పులుసు ఎలగొండేదో, ముల్లు తీసి నీకెలగ తినిపించీదో సెప్తాడు. ఇంట్లో మాటాడ్డానికి ఎవులున్నారు?" ఆమె నా మొహం చూసి గొంతు తగ్గించింది. "మొన్న నానే అడిగినాను. బాబూ, నాలుగు నెత్తల్లు ఏసుకెల్తావేటి, ఒక్కపూటకి ఏటౌతాదని. ఒద్దన్నాడు. తిన్నా నాకేటీ అవదు గానీ మా అమ్మాయికి మాటిచ్చినాను, తిన్ను అన్నాడు. ఏటీ ఎందుకవదు బాబూ అంటే, పొద్దున్న లెగిసీ లెగవగానే మొత్తం సున్నం ఏసీసుకుని ఒచ్చినాను అన్నాడు. సున్నమేటి అంటే మాత్రలంట. రోజంతటికీ డాక్టరు ఇచ్చినయ్యన్నీ కాళీ కడుపుతో ఒక్కపాలే ఏసెత్తాడంట. ఫేక్టరీలో అలగే ముందు ఏసీవోరంట గదా. సదూకున్నోలు, మాకేటి తెలుస్తాది?"

నేను ఆ తడి నేల మీద అలాగే నిలబడిపోయాను. ఆమె ఇంకేదో చెబుతూనే ఉంది, నా చెవికెక్కలేదు.

ఖాళీ కడుపులో ఆ మాత్రలకి పట్టుకోవడానికి భాస్వరం ఎక్కడుంది? పట్టుకునేది లేక ఆ కాల్షియం చాలావరకు రక్తంలోకి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం, రాత్రి తిన్న అన్నంలోని భాస్వరానికి కడుపులో అడ్డు లేదు, అదీ రక్తంలోకే వెళ్ళింది. రెండూ అక్కడ కలుసుకున్నాయి. ఒకవైపు నుంచి కాల్షియం, ఇంకోవైపు నుంచి భాస్వరం, కలవడానికి కావలసినంత తీరిక. ఫాస్ఫేట్ పుట్టడానికి ఇంకేం కావాలో నేను చెప్పలేను. ఏళ్ళ తరబడి నేను రాళ్ళలో చూస్తున్నది అదే.

ఇంటికి వెళ్ళి మామూలుగా చెప్పాలనుకున్నాను. గుమ్మంలోనే అరిచాను.

"మాత్రలన్నీ పొద్దున్నే మింగేస్తున్నావా?"

"ముందే పడాలిగా మరి," అన్నాడు నాన్న, పేపరు దించకుండా. "డాక్టరు కూడా అంతేనన్నాడు. నువ్వు పక్కనే ఉన్నావు."

"అన్నంతో పాటు అన్నాడు నాన్నా!"

"అన్నంతో పాటు వేస్తే ఆలస్యమైపోతుంది. నీకు కన్వర్టర్ సంగతి తెలీదు."

"కన్వర్టర్‌లో సున్నం వేసేటప్పటికి లోపల మెటల్ ఉంటుందా ఉండదా?"

నాన్న పేపరు మడిచి పక్కన పెట్టాడు. నేను ఇంకా చెప్పబోతుంటే చెయ్యెత్తి ఆపాడు.

"ఖాళీ వెసెల్‌లో వేశాను," అన్నాడు. "ఇన్నాళ్ళూ ఖాళీ వెసెల్‌లో వేస్తూ వచ్చానన్నమాట."

ఆ తర్వాత ఇక నాకు అరవబుద్ధి కాలేదు.

డాక్టరు మాత్రలు మార్చాడు, కాల్షియం లేని రకం ఇచ్చాడు. ఎక్స్‌రేలు తీయించాడు, గుండె స్కాన్ చేయించాడు. చేతి ఎక్స్‌రేలో ఎముకల పక్కన సన్నగా తెల్లటి గీతలు జంటగా పోతున్నాయి. మామూలుగా ఎక్స్‌రేలో రక్తనాళాలు కనిపించవు. నాన్నవి, గోడలకి ఫాస్ఫేట్ పేరుకుని, కనిపిస్తున్నాయి. గుండె కవాటాల దగ్గర కూడా ఉందన్నాడు డాక్టరు. ఇది చాలా ఏళ్ళుగా పేరుకుంటూ వచ్చేదే, మాత్రల వల్ల మరికాస్త పెరిగి ఉండొచ్చు, ఇకమీదట పెరగకుండా చూద్దాం అని నెమ్మదిగా చెప్పాడు. ఇంటికొచ్చే దారిలో ఆటోలో నాన్న నన్ను అడిగాడు.

"అది ఏ ఫాస్ఫేటు?"

"ఎక్కువగా ఎపటైట్ రకం నాన్నా. ఎముకలో ఉండేలాంటిదే."

"ఇంకేమైనా ఉంటుందా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. నాన్న నా వైపే చూస్తున్నాడు. "కొందరిలో విట్లాకైట్ కూడా దొరుకుతుంది. మెరిలైట్‌కి తోబుట్టువు లాంటిది. దీంట్లో కాస్త హైడ్రోజన్ ఉంటుంది, అంతే పెద్ద తేడా."

"నువ్వు నాకు గొట్టంలో చూపించినదా?"

"దాదాపు అదే."

ఆటో పోర్టు రోడ్డు సిగ్నల్ దగ్గర ఆగింది. ముందు లారీ మీద పట్టా గాలికి కొట్టుకుంటోంది. నాన్న దాన్ని చూస్తూ అడిగాడు. "కరుగుతుందా మళ్ళీ?"

నా పనిలో ఈ ప్రశ్నకి జవాబు చాలా ఇష్టంగా చెబుతుంటాను. ఉల్కలో మిగతా ఖనిజాలు మారినా ఫాస్ఫేట్ గింజ చాలావరకు నిలబడుతుంది, యురేనియం లాంటి వాటిని తనలో దాచుకుంటుంది, అందుకే దాన్ని పట్టుకుని రాయి వయసు లెక్కకట్టగలం అని. అది అంత మొండిది కాబట్టే నాకు పనికొచ్చింది. ఆ ఆటోలో మాత్రం ఆ మొండితనాన్ని పొగడలేకపోయాను.

"కరగదు నాన్నా."

"సరే," అన్నాడు. నేను ఏడ్చాను. నాన్న నా వీపు మీద చెయ్యి వేశాడు.

చాలా రోజులు ల్యాబ్‌కి వెళ్ళలేదు. వెళ్ళినరోజు పలక పెట్టి దీపం వేసి, ఇనుము అంచు దాకా వచ్చి, కన్ను తీసేశాను. పక్కన కూర్చున్న స్టూడెంటు ఏమైంది మేడమ్ అంటే కళ్ళు మండుతున్నాయని చెప్పాను. ఇప్పుడు మళ్ళీ చూస్తున్నాను. పని ఆగదు కదా. కానీ ఆ బూడిద రంగు గింజ కనిపించినప్పుడు ఇదివరకటి సంతోషం రావడం లేదు.

నాన్న మారిపోయాడు. నేను కోరుకున్నట్టే మారాడు. కొత్త మాత్రలు సరిగ్గా భోజనం మధ్యలో వేసుకుంటాడు. చేపలామె దగ్గరికి వెళ్ళడం మానేశాడు. నేనే ఒకరోజు వెళ్ళి కూర్చోమన్నాను, "ఎందుకులే" అన్నాడు. ఫ్యాక్టరీలో నాన్న చేతికింద పని నేర్చుకున్నతను అప్పుడప్పుడూ ఫోన్ చేసి పని సంగతులు చెబుతూ సలహా అడిగేవాడు. ఇదివరకు ఆ ఫోనొస్తే గంట పట్టేది, నాన్న గదిలో అటూ ఇటూ తిరుగుతూ అతన్ని తిట్టి మరీ చెప్పేవాడు. మొన్న అతను చేస్తే, "నాకేం తెలుసయ్యా, మీరే చూసుకోండి" అని పెట్టేశాడు. నేను వంటింట్లో ఉండి విన్నాను. ఆ మాట రక్తం రిపోర్టు కంటే ఎక్కువ భయపెట్టింది నన్ను.

అంకె దిగింది. డాక్టరు సంతోషించాడు. పక్క మంచం కుర్రాడు "బాబాయ్ కూడా పాసైపోయేడ్రోయ్" అని గదంతా వినపడేలా అన్నాడు. నాన్న చిన్నగా నవ్వాడు. దురద తగ్గింది, రాత్రిళ్ళు నిద్రపడుతోంది. గుండె సంగతిలో ఎవరూ మాటివ్వడం లేదు. నేనూ అడగడం లేదు.

పోయిన ఆదివారం మధ్యాహ్నం నాన్నకి వడ్డించాక కాలేజీ నుంచి ఫోనొచ్చింది. బాల్కనీలోకి వెళ్ళి మాట్లాడాను. పరీక్ష పేపర్ల గొడవ, ఎంతకీ తెగలేదు. లోపలికి వచ్చేసరికి నాన్న కంచం ముందు అలాగే కూర్చుని ఉన్నాడు. అన్నం కలిపి రెండు ముద్దలు తిన్నట్టుంది. మిగిలింది ఎండి అంచులు గట్టిపడుతోంది. మాత్ర డబ్బా పక్కన మూత తీసి ఉంది.

"ఏంటి నాన్నా, తినలేదే?"

"నువ్వు రాలేదుగా. మాత్ర ఇప్పుడు వేసుకోవచ్చో, ఇంకాస్త తిన్నాక వేసుకోవాలో అని ఆగాను."

"మధ్యలో వేసుకోవాలని తెలుసుగా నీకు. రోజూ వేసుకుంటున్నావుగా."

"తెలుసనే అనుకున్నానమ్మా అప్పుడు కూడా," అన్నాడు నాన్న.

ఆ మాటలో కోపం లేదు, నన్ను దెప్పడం లేదు. నిజంగానే అడుగుతున్నాడు. ఫ్యాక్టరీలో ఒక షిఫ్టు మొత్తాన్ని కేకలతో నడిపిన మనిషి, ఎంగిలి అంటని ఎడమ చెయ్యి నా ముందుకి చాపాడు. ఒక్కసారి కసిరితే బాగుండుననిపించింది. నీకేం తెలుసే అని అరిచి, కంచం నెట్టేసి, పై అంతస్తువాళ్ళు కిటికీ మూసుకునేలా నాతో దెబ్బలాడితే బాగుండుననిపించింది. నాన్న చెయ్యి చాపి ఎదురు చూస్తున్నాడు. నేను డబ్బాలోంచి ఒక మాత్ర తీసి ఆ చేతిలో పెట్టి, "ఇప్పుడు వేసుకో నాన్నా" అన్నాను.